సంక్రాంతి పది రోజులు ఊళ్లో: పిండివంటలు, నాన్నగారి షుగర్, ఆగిపోయే వ్యాయామం

చిక్కుడుపాదు అడిగారు:

ఈసారి సంక్రాంతికి పది రోజులు ఊళ్లోనే ఉంటాం, అమలాపురం దగ్గర పల్లె. మేం చేరేసరికే అరిసెలు, సున్నుండలు, జంతికలు, చెక్కలు డబ్బాలకెత్తి ఉంటాయి. భోగి మొదలు ముక్కనుమ దాకా బొబ్బట్లు, పూర్ణాలు, గారెలు, నాటుకోడి సరేసరి. నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్‌కి పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటారు. అమ్మకి బీపీ. నాకూ మా ఆవిడకీ జబ్బులేం లేవు గానీ, జనవరి దాటేసరికి బరువు పెరగడం, రోజూ చేసే వ్యాయామం అటకెక్కడం మామూలైపోయింది.

తెలిసినవాళ్లు నాలుగు విషయాలు చెప్పాలి. ఏది ఎంత తింటే పర్వాలేదు? బెల్లంతో చేసినవి నాన్నగారు తినొచ్చా? వండేటప్పుడు నూనె తగ్గించే దారి ఏదైనా ఉందా? జిమ్ లేని చోట ఏం చెయ్యాలి? "అసలు ముట్టుకోకండి" అనే సలహా మాత్రం వద్దు. పెద్దవాళ్లు వండి పెడితే తినకుండా ఉండటం మా ఇంట్లో కుదరదు, నాకూ ఇష్టం లేదు.

---

తూకంరాయి రాశారు:

పండగ మూడు రోజుల భోజనం గురించి మీరు అంత బెంగపడక్కర్లేదండీ. గట్టిగా చూసుకోవాల్సింది ఆ డబ్బాల సంగతి. ధనుర్మాసం చివర్లో మూకుడు పెడితే కొన్ని ఇళ్లలో రథసప్తమి వచ్చినా డబ్బాలు ఖాళీ కావు. కాఫీతో రెండు జంతికలు, మధ్యాహ్నం నిద్ర లేచాక ఒక సున్నుండ, చుట్టాలొస్తే వాళ్లతోపాటు ఒక అరిసె. ఆకలేసి తిన్నవి కావు కాబట్టి ఇవి ఎవరికీ గుర్తుండవు. బరువు పెంచేది ఎక్కువగా ఇవే.

అరిసె లెక్క వేసి చూద్దాం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం పట్టిందనుకోండి. బియ్యానివి సుమారు 3,550 కిలోకేలరీలు, బెల్లానివి 2,650. అరిసెల చెక్కలతో బాగా నొక్కి తీసినా 200 గ్రాముల నూనో నెయ్యో లోపల ఉండిపోతుంది, దానివి 1,800. అన్నీ కలిపి 8,000. వీటితో ఓ మోస్తరు అరిసెలు 50 అవుతాయి. అంటే ఒక్కోదానికి 160 కిలోకేలరీలు, అందులో బెల్లమే 15 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం కలుపుకునే తీపి రోజుకి 25 గ్రాముల లోపు ఉండాలి, బెల్లం కూడా ఆ లెక్కలోదే. కాఫీలో చక్కెర సంగతి పక్కన పెట్టినా రెండో అరిసెతోనే ఆ హద్దు దాటిపోతాం.

మిగతావీ ఇలాగే. అరకిలో మినప్పప్పు, 400 గ్రాముల బెల్లం, పావుకిలో నెయ్యితో 30 గ్రాముల సున్నుండలు కడితే ఒక్కోటి 140. అందులో 3 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది కాబట్టి అరిసె కన్నా కాస్త నయం. పావుకిలో శనగపప్పు, పావుకిలో బెల్లంతో 16 బొబ్బట్లు చేస్తే నెయ్యితో కలిపి ఒక్కోటి 200 పైమాటే. జంతికలు, చెక్కలు, కారప్పూస ఏవైనా 100 గ్రాములకి 500 దగ్గర పడతాయి. చిన్న గుప్పెడంటే 30 గ్రాములు, 150.

ఇక నడక. 65 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 120 అటూ ఇటూ. ఒక్క అరిసెకి 40 నిమిషాలు నడవాలి. "తినేసి నడిచేస్తా" అనే బేరం కుదరదు. నడక వేరే కారణాలకి అవసరం, అది వ్యాయామం తెలిసినవాళ్లు చెప్తారు.

ఇంట్లో అందరికీ కుదిరే పద్ధతి ఇది. మనిషికి రోజుకి ఒక తీపి, ఒక చిన్న గిన్నెడు కారం. రెండూ పళ్లెంలో పెట్టుకుని కూర్చుని తినాలి. డబ్బాలో చెయ్యి పెట్టి నిలబడి తినడం ఒక్కటి మానేస్తే సగం పని అయిపోయినట్టే. తీపిని సాయంత్రం ఖాళీ కడుపున కాకుండా మధ్యాహ్నం భోజనం చివర్లో తినండి, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించండి. 150 గ్రాముల అన్నం దాదాపు 195 కిలోకేలరీలు, అరిసెకి చెల్లు. సాయంత్రం కారానికి జామకాయో మజ్జిగో తోడుంటే గుప్పెడుతో ఆగుతారు. డబ్బాలు హాల్లో టీవీ పక్కన కాకుండా వంటింటి పై అరలో ఉండాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కంటికి ఎదురుగా ఉన్న డబ్బా ఎంత త్వరగా ఖాళీ అవుతుందో పిల్లలున్న ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు.

పండగ భోజనంలో పులిహోర కూడా అన్నమేనని మరిచిపోతాం. పులిహోర, పూర్ణాలు, గారెలు తిన్నాక మళ్లీ పప్పన్నం, చారన్నం, పెరుగన్నం అన్నీ వరసగా లాగించడం దగ్గరే లెక్క తప్పుతుంది. పులిహోర పెట్టించుకుంటే మామూలు అన్నం ఒక్కసారికే పరిమితం చేసి, దానికి దప్పళంలో ముక్కలు ఎక్కువ వేయించుకోండి. గుమ్మడి, ఆనపకాయ, ములక్కాడ, చిలగడదుంప అన్నీ అందులోనే ఉంటాయి (చిలగడదుంప ముక్కలు రెండు చాలు). చిక్కుడు, వంకాయ, ముల్లంగి బాగా దొరికే కాలం ఇది. విస్తట్లో సగం కూరగాయలే ఉండేలా చూసుకుని, ముందు అవి తినండి. కోనసీమలో ఉంటారు కాబట్టి తేగలు కాల్చుకునో ఉడకబెట్టుకునో తినొచ్చు. పీచు బాగా ఉంటుంది, నమలడానికి టైం పడుతుంది, ఒకటి తింటే జంతికల మీదకి మనసు పోదు.

వద్దంటే నొచ్చుకుంటారన్న బాధ నిజమే. "సగం విరిచి పెట్టండి అత్తయ్యా, మిగతాది రేపు తింటా" అంటే ఎవరూ నొచ్చుకోరు. అంతకన్నా మంచి దారి, వండేటప్పుడే చిన్నవి చేయించడం. సున్నుండ ఉసిరికాయంత కడితే ఒకటి తిన్న తృప్తీ ఉంటుంది, కేలరీలు సగమూ అవుతాయి.

ఇంకొకటి. ఊరి నుంచి రాగానే బరువు చూసుకుని కిలోన్నర, రెండు కిలోలు పెరిగామని దిగులుపడకండి. కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికి మించి 7,700 కిలోకేలరీల దాకా తినాలి, మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు మామూలుగా చేరదు. ఉప్పు, పిండిపదార్థం ఎక్కువైనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిలవ ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీరు చేరుతుంది. మామూలు తిండికి వచ్చిన నాలుగైదు రోజుల తర్వాత, పొద్దున్నే ఏమీ తినకముందు చూసుకున్న బరువే అసలు బరువు.

---

మూకుడు_మంట రాశారు:

నూనె విషయం నేను చెప్తాను. చాలామంది నూనె తక్కువ పోసి వేయిస్తే తక్కువ పీలుస్తుందనుకుంటారు. నిజానికి మూకుట్లో నూనె తక్కువైతే పిండి వేయగానే వేడి పడిపోయి ఇంకా ఎక్కువ పీలుస్తుంది. సరిపడా నూనె, సరైన వేడి, తక్కువ వాయి, ఈ మూడూ కుదరాలి.

వేడి 170 నుంచి 180 డిగ్రీలుండాలి. థర్మామీటర్ లేకపోతే శనగగింజంత పిండి వెయ్యండి. అడుగునే కూర్చుంటే వేడి చాలలేదు, వెంటనే తేలి రెండు క్షణాల్లో ఎర్రబడితే ఎక్కువైంది, బుడగలతో నెమ్మదిగా పైకొస్తే సరిపోయింది. అరిసెలకి ఇంకాస్త తక్కువ వేడి కావాలి, లేకపోతే బెల్లం మూలంగా పైన మాడి లోపల పచ్చిగా ఉంటాయి. వాయికి మూకుడు నిండా వేయడం పెద్ద తప్పు. పైభాగం సగానికి మించి నిండకూడదు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వంటకం నూనెలో మరుగుతున్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తన్నుతూ ఉంటుంది కాబట్టి నూనె పెద్దగా లోపలికి పోదు. బయటికి తీశాక చల్లారుతుంటే ఆ ఆవిరి తగ్గి, పైనంటుకున్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకే తీసిన మొదటి అరనిమిషమే కీలకం. జల్లిగంటెను మూకుడు మీదే పట్టుకుని రెండుమూడు సార్లు గట్టిగా ఆడించి, అప్పుడు తీయండి. అరిసెలను చెక్కల మధ్య వెంటనే నొక్కడం కూడా ఇందుకే. నాలుగు అరిసెలు పోగుచేసి తర్వాత నొక్కుదామంటే సగం నూనె లోపలే ఉండిపోతుంది. ఒకరు వేయిస్తుంటే ఇంకొకరు నొక్కాలి. నొక్కిన నూనెను కింద పళ్లెంలో పట్టి తూచి చూడండి, ఎంత దిగిందో మీకే తెలుస్తుంది.

అరిసెలు నూనె తాగడానికి ఇంకో కారణం లేతపాకం. పాకం నీళ్లలో వేస్తే వేళ్లతో మెత్తటి ఉండ కట్టేలా రావాలి. అంతకన్నా లేతగా ఉన్నప్పుడు పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, విచ్చిన ప్రతి చీలికా నూనె తాగుతుంది. అలా అయితే పొడి బియ్యప్పిండి కొద్దికొద్దిగా కలిపి, గంటసేపు మూతపెట్టి, ఒకటి వేసి చూశాక మిగతావి వత్తండి. తడిపిండి మరీ ఆరిపోయినా కష్టమే, అరిసె గట్టిపడుతుంది.

గారెల సంగతి. మినప్పప్పు రెండు మూడు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెడితే నీరు ఎక్కువ పట్టుకుని, రుబ్బేటప్పుడు పిండి జారుగా వస్తుంది. జారు పిండి గారె నూనె పిండితే కారేలా తయారవుతుంది. నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బాలి. చిటికెడు పిండి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. జారైపోతే పావుకిలో పప్పుకి ఒకటి రెండు చెంచాల బియ్యప్పిండి కలపండి. వంటసోడా మాత్రం వద్దు, గుల్లగా వస్తాయి గానీ ఆ గుల్లల్లో నిండేది నూనే. పావుకిలో పప్పుతో 20 గారెలు వస్తే, బాగా చేసినప్పుడు ఒక్కోటి 80 కిలోకేలరీలు. నూనె తాగినవి 120 కూడా దాటతాయి.

జంతికల పిండిలో వెన్నో కాచిన నూనో ఎక్కువ పోస్తే కరకర పోయి విరిగిపోతాయి, పైగా వేయించేటప్పుడు ఇంకా నూనె లాగుతాయి. కిలో పిండికి 50 నుంచి 60 గ్రాముల వెన్న సరిపోతుంది. వనస్పతి జోలికి పోవద్దు.

---

మందులచీటీ రాశారు:

నాన్నగారి విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. అందరూ పెరిగే షుగర్ గురించే ఆలోచిస్తారు. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకి పండగనాడు అంతకన్నా ముందొచ్చే ప్రమాదం షుగర్ పడిపోవడం. సంక్రాంతి రోజు పెద్దలకు తర్పణాలు, బట్టలు పెట్టడం, పూజ అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటుతుంది. అలవాటుగా పొద్దున్నే మాత్ర వేసుకుని, తర్పణం అయ్యేదాకా ఏమీ తినకూడదని కూర్చుంటే పదకొండు గంటలకల్లా చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, విసుగు మొదలవుతాయి. చూసేవాళ్లు పని అలసట అనుకుంటారు.

గ్లిమెపిరైడ్ మొదటి భోజనంతో వేసుకునే మందు. ఆ రోజు భోజనం ఆలస్యమైతే మాత్ర ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ఊరెళ్లేముందే మీ డాక్టర్‌ని అడిగి రాయించుకోండి, సొంతంగా మార్చవద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం చాలా తక్కువ.

గ్లూకోమీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార, అంటే 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. సున్నుండో అరిసో నోట్లో పెట్టకండి. వాటిలోని నెయ్యి వల్ల తీపి రక్తంలో కలవడం ఆలస్యమవుతుంది. 15 నిమిషాలకి మళ్లీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఈ మందుతో పడిన షుగర్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు, ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి.

బెల్లం గురించి అడిగారు. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. రక్తంలో షుగర్ పెంచే విషయంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బెల్లంలో కాస్త ఐరన్ ఉంటుంది గానీ, దానికోసం అరిసెలు తినక్కర్లేదు. ఖర్జూరంతో చేసినవి, దుకాణాల్లో "షుగర్‌ఫ్రీ" అని అమ్మేవి కూడా అంతే. ఖర్జూరంలో మూడింట రెండు వంతులు తీపే, షుగర్‌ఫ్రీ మిఠాయిలో పిండి, నెయ్యి ఎక్కడికీ పోవు. ఆ పేరు చూసి రెండు ఎక్కువ తినడం వల్లే నష్టం.

అలాగని ఆయన నోరు కట్టేయక్కర్లేదు. షుగర్ అదుపులో ఉన్న మనిషైతే సగం అరిసో ఒక చిన్న సున్నుండో భోజనం చివర్లో, అన్నం ఆ మేరకు తగ్గించి తినొచ్చు. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకి చూస్తే 180 లోపు ఉండాలి. భోగి నాడు బొబ్బట్టు తిన్నాక 230 వచ్చిందంటే కనుమకి ఏది తగ్గించాలో ఆయనకే అర్థమవుతుంది, ఇంట్లో వాదన ఉండదు. పరీక్షకి ముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోవాలి. బెల్లం పాకం అంటిన వేలిని పొడిస్తే లేని షుగర్ చూపిస్తుంది.

పాదాల్లో తిమ్మిరి ఉంటే భోగిమంట దగ్గర చెప్పులు లేకుండా నిలబడనివ్వకండి. కాలింది కూడా తెలియదు.

అమ్మగారి బీపీకి తీపి కన్నా కారం డబ్బాలే చేటు. కిలో పిండికి 20 గ్రాముల ఉప్పు వేస్తే 50 గ్రాముల జంతికల్లో 0.8 గ్రాములు వస్తుంది. రోజు మొత్తానికి హద్దు 5 గ్రాములు, చెంచాడు. దానికి ఆవకాయ, అప్పడాలు, వడియాలు, పులిహోర కలుస్తాయి. ఇంట్లో వండుకునేదే కాబట్టి పిండిలో ఉప్పు 12 గ్రాములకి తగ్గించి, వాము, నువ్వులు, కారం కొద్దిగా పెంచండి, తేడా తెలియదు. రోజుల తరబడి పొయ్యి దగ్గర కూర్చుని నడుం నొప్పని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకోవడం మన ఇళ్లలో మామూలు. అవి బీపీ పెంచుతాయి, బీపీ మందుల్లో కొన్నిటితో కలిస్తే కిడ్నీలకి దెబ్బ. నొప్పికి వేడి కాపడం, లేదంటే డాక్టర్‌ని అడిగి పారాసెటమాల్.

రోజువారీ మందులు ఐదు రోజులకి అదనంగా పట్టుకెళ్లండి. పండగ రోజుల్లో పల్లెల్లో మందుల షాపు తెరిచి ఉంటుందని నమ్మలేం. కనుమనాడు మందు పార్టీలుంటే గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు దూరంగా ఉండటమే మంచిది, ఖాళీ కడుపున తాగితే షుగర్ పడిపోతుంది.

---

సర్వపిండి_గిన్నె రాశారు:

తెలంగాణ వైపు నుంచి ఒక మాట. సకినాల్లో తీపి లేదు కదా, షుగర్ ఉన్నవాళ్లు ఎన్నైనా తినొచ్చనుకుంటారు. అది బియ్యప్పిండి, పైగా నూనెలో కాలింది. 25 గ్రాముల సకినం 120 కిలోకేలరీల దగ్గర ఉంటుంది. ఒకటి, మహా అయితే రెండు.

భోగి నాటి సజ్జరొట్టెను మాత్రం వదలొద్దు. నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడుకాయ, వంకాయ కలిపి వండిన కూర పండగ రోజుల్లో తినదగ్గ మంచి భోజనం. 100 గ్రాముల సజ్జల్లో పీచు 11 గ్రాముల పైనే ఉంటుంది, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. సజ్జపిండి పాతదైతే చేదెక్కుతుంది, పది రోజులకి సరిపడా మాత్రమే పట్టించండి.

సాయంత్రం పిల్లలు కారం అడిగితే సర్వపిండి పెట్టండి. రెండు కప్పుల బియ్యప్పిండికి గుప్పెడు నానిన శనగపప్పు, గుప్పెడు పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు, కారం కలిపి, గిన్నె అడుగున పలుచగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో కలిపి రెండు చెంచాల నూనె వేసి మూతపెట్టి సన్నమంట మీద పది నిమిషాలు. నూనె ఎంత పడిందో మన చేతిలోనే ఉంటుంది. మందంగా వత్తితే లోపల పచ్చిగా ఉండిపోతుంది, అదొక్కటే చూసుకోవాలి.

---

అరుగు_కసరత్తు రాశారు:

పది రోజులు జిమ్‌కి పోకపోతే కండ కరిగిపోతుందన్న భయం వద్దు. వారానికి రెండుసార్లు గట్టిగా చేసినా ఉన్న బలం నిలబడుతుంది. మీ ఊళ్లో అరుగుంది, మెట్లున్నాయి, బకెట్లున్నాయి, అవి చాలు.

రోజు విడిచి రోజు 18 నుంచి 20 నిమిషాలు ఇలా చేయండి. ముందు ఐదు నిమిషాలు సూర్య నమస్కారాలు నెమ్మదిగా, ఒంట్లో వేడి పుట్టేదాకా. తర్వాత 15 బస్కీలు. అరుగు అంచున చేతులు ఆనించి 10 దండాలు (నేల మీద చేయగలిగితే నేల మీదే). అరుగు ఎక్కి దిగడం ఒక్కో కాలికి 10. రెండు చేతుల్లో నీళ్లు నిండిన బకెట్లు పట్టుకుని పెరడు చివరిదాకా వెళ్లి రావడం. ఒక నిమిషం ఊపిరి తీసుకుని మళ్లీ మొదటినుంచి. మొత్తం మూడు చుట్లు. చివరి రెండు బస్కీలు కష్టంగా అనిపించాలి, హాయిగా అయిపోతే తర్వాతి రోజు నాలుగు పెంచండి.

తప్పులు ఎక్కడొస్తాయంటే, బస్కీ తీసేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలిపోతాయి, వాటిని పాదాల వేళ్ల దిక్కుకే ఉంచాలి. బకెట్ ఎత్తేటప్పుడు నడుం వంచి లాగుతారు, మోకాళ్లు వంచి కూర్చుని లేవాలి. దండాల్లో నడుం కిందికి జారుతుంది, కడుపు బిగించి పట్టాలి. ముగ్గులు వేసే ఆడవాళ్లు గంటల తరబడి నడుం వంచే ఉంటారు. మధ్యలో గొంతుక్కూర్చుని వేయడం, పది నిమిషాలకోసారి లేచి నడుం వెనక్కి విరుచుకోవడం చేస్తే కనుమ నాటికి నొప్పి ఉండదు.

మిగతా రోజుల్లో నడక. వారానికి 150 నిమిషాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం. పండగప్పుడు దాన్ని మూడు భోజనాల తర్వాత 10 నుంచి 15 నిమిషాలుగా విడగొట్టండి. తిన్న అరగంట లోపు నెమ్మదిగా నడిస్తే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటాయి, షుగర్ ఉన్నవాళ్లకి ఇది మరీ మంచిది. నాన్నగారిని ఒంటరిగా పంపకుండా చేలగట్టు దాకా మాట్లాడుకుంటూ తీసుకెళ్లండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం పెద్ద భోజనం కాగానే గానీ, తెల్లవారుజామున మంచులో గానీ వేగంగా నడవకూడదు.

నిద్ర సంగతి చెప్పకపోతే ఇదంతా సగమే. భోగికి నాలుగింటికి లేస్తారు, రాత్రి పేకాటో కబుర్లో పన్నెండు దాకా. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి పెరుగుతుంది, చెయ్యి తీపి మీదకే పోతుంది. మధ్యాహ్నం 20, 30 నిమిషాల కునుకు సరిపోతుంది. రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర పాడవుతుంది.

---

చిక్కుడుపాదు రాశారు:

అందరికీ ధన్యవాదాలు. నాన్నగారి మాత్ర విషయం ఇంట్లో ఎవరికీ తట్టలేదు, రేపే డాక్టర్ గారి దగ్గరికి వెళ్తున్నాం. మూకుడు_మంట గారూ, ఇంకో రెండు అనుమానాలు. వేయించాక మిగిలిన నూనె ఏం చేయాలి? వచ్చేటప్పుడు అమ్మ కట్టిచ్చే డబ్బాలు ఎన్నాళ్లు నిలవుంటాయి?

---

మూకుడు_మంట రాశారు:

నూనె చల్లారాక అదే రోజు పలుచటి గుడ్డలో వడకట్టండి. అడుగున మిగిలిన పిండి రేణువులే నూనెను త్వరగా పాడుచేస్తాయి. మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో, వెలుతురు తగలని చోట పెట్టి, తాలింపులకి ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. మళ్లీ మూకుట్లో పోసి పొగ వచ్చేదాకా కాచొద్దు. దానిమీద కొత్త నూనె కలిపి పెంచుకుంటూ పోవడం ఇంకా తప్పు, పాతది కొత్తదాన్నీ పాడుచేస్తుంది. నల్లబడి, వేడి చేయగానే తగ్గని నురగ వచ్చి, వేళ్లకి జిగురుగా తగిలితే పారేయాల్సిందే. తూములో పోస్తే అక్కడ గడ్డకడుతుంది, సీసాలో పోసి మూతపెట్టి చెత్తలో వేయండి.

ఇక డబ్బాలు. అరిసెలు పూర్తిగా చల్లారాక ఎత్తితే మూడు వారాలు ఉంటాయి, వేడిమీద ఎత్తితే చెమ్మపట్టి వారంలో బూజొస్తుంది. సున్నుండలు తడి చెయ్యి తగలకపోతే నెల. జంతికలు, చెక్కలు రెండు మూడు వారాల తర్వాత ముక్కిన వాసన మొదలవుతుంది, అలాంటివి "పర్లేదులే" అని తినకండి. అమ్మగారు ఐదు కిలోల డబ్బా ఇస్తే అలాగే పెట్టుకోవద్దు. వచ్చిన రోజే నలుగురికి వారానికి సరిపడా ఒక చిన్న డబ్బాలో తీసి, అరిసెల్లో మిగిలినవి నాలుగేసి చొప్పున కవర్లలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తినేముందు గంట బయట ఉంచి, పొడి పెనం మీద సన్నమంటన రెండువైపులా అరనిమిషం వేడి చేస్తే మెత్తబడతాయి. మిగతాది ఇరుగుపొరుగుకి, ఆఫీసుకి. పంచేది మొదటి వారంలోనే పంచండి, కరకర తగ్గాక ఇస్తే ఎవరూ ఇష్టంగా తినరు.